ఆయన కోయనివ్వని గడ్డి

ఆయన పోయాడని నాకు మనిషెవరూ చెప్పలేదు. తిరువూరు బస్టాండు ఎదుట కట్టిన ఫ్లెక్సీ చెప్పింది. మిరప కోతకు పోయి వచ్చి ఆటో దిగాను. నెత్తిన సంచి, ఒళ్ళంతా ఘాటు. మామూలుగా ఆ ఫ్లెక్సీల వంక నేను చూడను. ఎవరి పుట్టినరోజో, ఎవరి గృహప్రవేశమో ఉంటుంది. కానీ ఆ ముఖం తెలిసిన ముఖం. తెల్ల చొక్కా, భుజం మీద మడత నలగని కండువా, చుట్టూ పూలదండ బొమ్మ. దండ వేశారంటే పోయాడన్నమాట. నేను అక్షరాలు కూడబలుక్కుని చదవగలను గానీ ఫ్లెక్సీ మీద వాటిని వంకర్లు తిప్పి రాస్తారు, నాకు అందవు. పక్కన కాలేజీ పిల్ల నిలబడి ఉంటే అడిగాను.

"అభివృద్ధి ప్రదాతకు అశ్రునివాళి అని రాశారండి."

"ప్రదాత అంటే ఏంటమ్మా?"

"ఇచ్చినాయన అండి."

"ఏం ఇచ్చాడంట?"

ఆ పిల్ల మళ్ళీ పైకి చూసింది. "అభివృద్ధి అని ఉందండి" అంది. అంతలో తన బస్సు వస్తే పరుగెత్తింది.

నా కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. అవి మిరప ఘాటుకి. ఎవరైనా చూసి ఆయన కోసం అనుకుంటారేమోనని కొంగుతో గట్టిగా తుడుచుకుని మా ఊరి ఆటో ఎక్కాను.

ఆయన పేరు నేను చెప్పను. ఫ్లెక్సీ మీద రాశారు, అది చాలు. ఊళ్ళో ఏ పదవీ చేయలేదు ఆయన. సర్పంచి కాదు, ఇంకొకటి కాదు. కానీ సర్పంచి ఎవరైనా ఆయన అరుగు మీద కూర్చుని లేవాల్సిందే. మాగాణి ఉంది, మామిడితోట ఉంది, పార్టీవాళ్ళు తిరువూరు నుంచి వస్తే కారు ఆగేది ఆయన గుమ్మం ముందే.

ఆయనకో అలవాటు ఉండేది. ఎక్కడ నిలబడినా వంగి చిటికెడు దుమ్ము తీసి, చెయ్యి పైకెత్తి, వేళ్ళ సందుల్లోంచి వదిలేవాడు. అది ఎటు ఎగిరిపోతుందో చూసేవాడు. చూశాక వేళ్ళు తుడుచుకోవాలి గదా. తన కండువా నలగకూడదు, మాయకూడదు. అందుకని పక్కన ఎవడుంటే వాడి భుజం మీది తువ్వాలుకి తుడుచుకునేవాడు. వాళ్ళు కూడా భుజం కాస్త వంచి ఇచ్చేవాళ్ళు. దాన్ని గౌరవం అనుకునేవాళ్ళు.

"గాలి చూసుకోవాలయ్యా" అనేవాడు. "గాలికి ఎదురు నిలబడి తూర్పారబడితే గింజ కింద పడుద్ది, పొట్టు నీ కళ్ళల్లో పడుద్ది. ఊరైనా అంతే. గెలిచేవాడి వెనక నిలబడిన ఊరు బాగుపడుద్ది. ఎదురు నిలబడిన ఊరు కళ్ళు నులుముకుంటా కూర్చుంటది."

వరికోత మిషన్లు వచ్చాక మా దగ్గర తూర్పారబట్టేవాళ్ళే లేరు. ఆయన దుమ్ము ఎగరేయడం మాత్రం మానలేదు.

మా పేటకు పాల కేంద్రం తెచ్చింది ఆయనే. అది నేను కాదనను. చర్చి పక్కన రేకుల గది, ఒక కాటా, వెన్న పరీక్ష చేసే మిషను, క్యాన్లు. పొద్దున, సాయంత్రం వ్యాను వచ్చి పట్టుకుపోయేది. మా ఆయన కిడ్నీలు పాడై చనిపోయిన తర్వాత నాకు మిగిలింది ఒక గేదె. ఆ గేదె, ఆ గది ఉండబట్టి నేను ఎవరి ముందూ చెయ్యి చాచలేదు. నాలాంటివాళ్ళు పేటలో ఇంకా ఉన్నారు. సెంటు భూమి లేకపోయినా గేదె ఉంటే పొయ్యి వెలిగేది.

కానీ ఇచ్చినదాన్ని ఆయన ఇచ్చి ఊరుకోలేదు. వారానికి ఒకటి రెండుసార్లు పొద్దున్నే వచ్చి ఆ గది గుమ్మం బయట నిలబడేవాడు. లోపలికి అడుగు పెట్టింది నేను చూడలేదు. మా పాలు విజయవాడలో ఎవరెవరు తాగేవారో గానీ, ఆయన చుక్క నోట పోసుకున్నది లేదు. గుమ్మం బయట నిలబడి, "ఈ కాటా ఎట్టా వచ్చిందో గుర్తుందా?" అని అడిగేవాడు. మేం గుర్తుంది అనేవాళ్ళం. "ఏ గాలికి వచ్చిందో?" అదీ చెప్పేవాళ్ళం. బడిలో పిల్లలతో ఎక్కాలు చెప్పించినట్టు చెప్పించుకుని పోయేవాడు.

మా పక్కింటి రూతమ్మకు నోరు ఆగదు. ఒకసారి చెంబు దించుతూ అడిగింది. "బాబుగారూ, మా గేదె ఏ పార్టీ అంటారు? పొద్దున బుద్ధిగా ఇచ్చుద్ది, సాయంత్రం తంతది."

ఆయన నవ్వాడు. "పొద్దున గవర్నమెంటు, సాయంత్రం ప్రతిపక్షం. దాణా పెంచు, రెండు పూటలా మనవైపే ఉంటది."

మాటకు మాట అనగలడు, అందులో తక్కువేం లేదు. వినేవాళ్ళు మురిసిపోయేది అందుకే.

ఒకసారి పాలవాళ్ళ మీటింగు ఉందని మా ఆడవాళ్ళను విజయవాడ తీసుకెళ్ళాడు. బస్సులో ముందు సీటులో కూర్చున్నాడు. ఎ.కొండూరు దాటాక వెనక్కి తిరిగి మాకు ఊళ్ళు చూపించడం మొదలుపెట్టాడు. ఊరును చూసి దాని ఓటు చెబుతాడన్నమాట.

"ఇదిగో ఈ ఊరు మొన్న మనకి వేసింది. చూడండి, సిమెంటు రోడ్డు. అదిగో ఆ పై ఊరు ఎదురు వేసింది. గుంతలు చూడండి."

సరిగ్గా అప్పుడే బస్సు గుంతలో పడి మా తలలు పైకప్పుకి తగిలాయి. ఆ గుంత తనే తవ్వించినంత సంతోషపడ్డాడు.

కండక్టరు టికెట్లు కొడుతూ, "మరి నా బస్సు ఎవరికి వేసింది బాబాయ్, ఒంట్లో ఏ నట్టూ నిలవడం లేదు" అన్నాడు. బస్సంతా నవ్వింది.

ఆ తర్వాత ఒక ఊరు వచ్చింది. రోడ్డు బాగుంది, మేడలు ఉన్నాయి, ఇంటిముందు గేదెలు నిగనిగలాడుతున్నాయి. రూతమ్మ కిటికీలోంచి వేలు చూపించింది. "ఇది మా చెల్లిని ఇచ్చిన ఊరండి. వీళ్ళు తరతరాలుగా మీకు ఎదురే వేస్తారు. మరి ఈ మేడలేంటి బాబుగారూ?"

ఆయన ఇటు కిటికీ వదిలి అటు కిటికీలోకి చూశాడు. "ఈ ఏడు పూత బాగానే నిలిచినట్టుందే" అన్నాడు. మైలవరం దాకా మామిడి గురించే మాట్లాడాడు.

ఆ ఊళ్ళో చెరువు నీళ్ళు వంతులవారీగా వదులుతారట. ఎవరు ఎటు వేశారని తూము దగ్గర అడగరట. రూతమ్మ చెల్లెలు తర్వాత ఎప్పుడో చెప్పింది. ఆయనకు తెలియకుండా ఉంటుందా? ఆ చుట్టుపక్కల ఆయన చుట్టాలు లేని ఊరు లేదు.

అసలు సంగతి ఎన్నికలప్పుడు జరిగింది. ఆదివారం ఆరాధన అయ్యాక ఆయన చర్చి ఆవరణలోకి వచ్చాడు. మా పేటలో ఓటు ఎవరికి వాళ్ళు వేసేది కాదు. సంఘ పెద్ద యోహాను తాత లేచి నిలబడి అడుగుతాడు, అందరం కలిసి ఒక మాట అనుకుంటాం. చర్చిలో అన్న మాట దేవుడి ముందు అన్న మాట. దాన్ని తప్పినవాళ్ళు మా ఎరుకలో లేరు.

"మీ పాల కేంద్రం ఉండాలంటే మన ప్రభుత్వం ఉండాలి" అన్నాడాయన.

యోహాను తాత మా వంక చూశాడు. మేం తలలూపాం. "పేట మొత్తం మీదేనండి" అని తాత మాట ఇచ్చాడు.

ఓట్ల రోజు బడికి వెళ్ళాం. బడిలో రెండు గదులు. ఒకటి ఎప్పుడూ మా పేటది, రెండోది పెద్దవీధి రైతులది. ఆ రోజు చూస్తే మా గది ముందు వరసలో పెద్దవీధి వాళ్ళు కూడా ఉన్నారు. వాళ్ళ గదికి ఓటర్లు ఎక్కువయ్యారని రెండు సందులవాళ్ళను మా గదిలో కలిపారట. అవి ఆయన బావమరిది వాళ్ళు ఉండే సందులు. మా పేట చిన్నది, ఆ సందులు పెద్దవి. వాళ్ళు మా ముందు నిలబడి వేసి వెళ్ళారు, మేం వాళ్ళ వెనక నిలబడి వేసి వచ్చాం. ఎవరూ ఏమీ అనుకోలేదు.

లెక్కపెట్టిన రోజు ఆయన పార్టీ గెలిచింది, ప్రభుత్వం వచ్చింది. మా ఊరు మాత్రం ఎదురు వచ్చింది. రెండో గదిలో ఆయన పార్టీకి ఎక్కువే వచ్చాయి. మా గదిలో మునిగిపోయాడు. ఓట్ల మిషను గదిగదికీ చెబుతుంది, మనిషిమనిషికీ చెప్పదు. గెలిచిన నాయకుడు పదిమందిలో, "ఏంటండీ, మీ ఊరే మీ మాట వినలేదు" అన్నాడట. ఆ మాట తిరువూరు నుంచి ఆయన కంటే ముందు ఊళ్ళోకి వచ్చింది.

మర్నాడు పొద్దున నేను కొడవలి, గోతం పట్టుకుని గడ్డికి బయల్దేరాను. మా ఊళ్ళో ఒక పద్ధతి ఉంది. పొలం లేనివాళ్ళు రైతుల గట్ల మీద, తోటల్లో పచ్చిగడ్డి కోసుకుంటారు. దానికి డబ్బు ఉండదు. ఏ రైతు గట్టు కోసుకుంటే ఆ రైతు కలుపుకి ముందుగా పోవాలి, కూలి తీసుకునే. గట్టు శుభ్రమవుతుంది, గేదె కడుపు నిండుతుంది, చేలో కలుపు తీత ఆగదు. ఎవరు పెట్టారో ఆ పద్ధతి, మంచి బుర్ర ఉన్నవాళ్ళు.

నేను కోసుకునేది ఆయన గట్టే. ఆయన బండి ఆపుకుని గట్టు మొదట్లో నిలబడి ఉన్నాడు.

"ఏంటి దీనమ్మా, ఎటు?"

"గడ్డికండి."

"ఎవరి గట్టుకి?"

"ఎప్పుడూ మీ గట్టుకేగా బాబుగారూ."

"ఓటు ఎవరికేశావో వాళ్ళ గట్టుకి పో."

"మీకే వేశామండి. పేట మొత్తం వేసింది."

"గది చెప్పిందమ్మా" అన్నాడు. కోపంగా అనలేదు. జ్వరం ఎంతుందో చెప్పే డాక్టరులా అన్నాడు. వంగి దుమ్ము తీశాడు, చెయ్యి ఎత్తి వదిలాడు. గాలి నా వైపు ఉంది. ముఖం మీద పడింది. చుట్టూ తువ్వాలున్న మనిషి లేడు. నా చేతిలో ఖాళీ గోతం ఉంది. దానికి వేళ్ళు తుడుచుకుని బండెక్కి పోయాడు.

ఆ సాయంత్రానికి ఊరి గట్లన్నీ మూతపడ్డాయి. గట్టుకి తలుపు ఉండదు, తాళం ఉండదు. పెద్దవీధిలో ఒక్క మాట అంటే చాలు.

తర్వాత మేం చేసిన పని చెబుతాను. దొంగను మా ఇంట్లోనే వెతుక్కున్నాం. పేటలో ఎవరో మాట తప్పారని అనుకున్నాం. పెద్దవీధివాళ్ళు వాళ్ళ మనిషికి వాళ్ళే వేయకుండా ఉంటారని మాకు తట్టలేదు. వేళ్ళ మీద లెక్క వేసినా తెలిసే సంగతి. మా పేట మొత్తం ఎదురు తిరిగినా ఆ గదిలో అన్ని ఎదురు ఓట్లు రావు. కానీ లెక్క వేయడానికి ముందు అనుమానం రావాలి గదా. పెద్దవీధి మీద అనుమానపడటం మాకు ఎవరూ నేర్పలేదు.

యోహాను తాత ఇంటికొకరిని చర్చిలో నిలబెట్టి బైబిలు మీద చెయ్యి వేయించాడు. రూతమ్మ వంతు వచ్చేసరికి గుసగుసలు మొదలయ్యాయి. అవతలి పార్టీవాళ్ళు పంచిన చీర ఆమె తీసుకుంది.

"తీసుకున్నాను, అదిగో కట్టుకున్నాను కూడా" అంది రూతమ్మ. "ఓటు మాత్రం అందరూ అన్నదానికే వేశాను. చీర కట్టుకుంటే వేలు వేరే గుర్తు మీద పడుద్దా?"

నమ్మినవాళ్ళు తక్కువ. ఆమె కూర్చున్న చాప మీద నుంచి ఒక్కొక్కరూ జరిగిపోయారు. ఆ రోజు నుంచి రూతమ్మ చర్చికి రావడం మానేసింది. ఆమె పాట పాడితే చర్చి కప్పు లేచేది. అది పోయింది.

గేదెకు గడ్డి లేదు. ఎండుగడ్డి చూద్దామంటే కోత మిషన్లు వచ్చాక గడ్డిని కట్టలు కట్టి లారీలకు అమ్ముకుంటున్నారు. తవుడు కొని పెడదామంటే పాల డబ్బులు తవుడుకే చాలవు. గేదె డొక్కలు తేలాయి. పాలు పలచబడ్డాయి. వెన్న పరీక్షలో మా చెంబులన్నీ దిగిపోయాయి. ఒకరి తర్వాత ఒకరు సంతకు తోలారు. నాది చూలుతో ఉందని కొన్నాళ్ళు పట్టుకుని చూశాను. అది దొడ్లో నిలబడి గట్ల వైపు చూసేది. నేనూ తోలాను. కొన్నవాడు తోలుకుపోతుంటే వెనక్కి తిరిగి అరిచింది. ఆ అరుపు గురించి ఎక్కువ చెప్పను.

క్యాన్లు నిండకపోతే వ్యాను ఎందుకు వస్తుంది? మానేసింది. గదికి తాళం పడింది. అప్పుడు ఆయన టీ బంకు దగ్గర నిలబడి మా పేటను చేత్తో చూపించి అందరికీ చెప్పాడు. "చూశారా? ఎదురు ఓటు వేసిన పేట. మొన్నటిదాకా పాలు, ఇప్పుడు తాళం. నేను చెప్పలా?"

చెప్పాడు. ఆయన చెప్పింది అబద్ధం కాదు, నా కడుపు మండేది అక్కడే. ఓటు ఎటు వేస్తే ఊరి బతుకు అటు పోతుంది అని చెప్పేవాడు, ఆ తర్వాత దారికి అడ్డం నిలబడి బతుకును అటు తోలేవాడు. మనిషి గొంతు పట్టుకుని, చూడండి వీడికి ఊపిరి ఆడటం లేదు, నేను ముందే చెప్పాను అన్నట్టు.

పోనీ పెద్దవీధి ఏమైనా బాగుపడిందా? గట్టు పోయాక కలుపు ఒప్పందం కూడా పోయింది. మేం పొద్దున్నే ఆటోలెక్కి సరిహద్దు దాటి అవతలి రాష్ట్రం మిరపతోటలకు పోయేవాళ్ళం. వాళ్ళు గంపలగూడెం అవతల నుంచి కూలీలను ఆటోల్లో తెచ్చుకునేవాళ్ళు. మా ఆటో ఊరు దాటుతుంటే ఆ ఆటో ఎదురొచ్చేది. కూలికి పోయే మేం, కూలికి వచ్చే వాళ్ళు ఒకరికొకరం చేతులు ఊపుకునేవాళ్ళం. రెండు ఆటోల కిరాయి ఊరి నెత్తినే పడింది. ఆ మాట ఆయన ఎక్కడా చెప్పలేదు.

అలా కొన్నేళ్ళు గడిచాయి. ఒక మామిడికాయల సీజనులో ఆయన బావమరిది తోటలో కాయ ఏరే పనికి వెళ్ళాను. బావమరిది మంచం మీద కూర్చుని స్నేహితులతో నవ్వుతున్నాడు. మేం పక్కనే గడ్డి పరిచి కాయ సర్దుతున్నాం. కూలివాళ్ళకు చెవులుంటాయని వాళ్ళు అనుకోరు.

"ఆ ఏడు మా బావకి మా రెండు సందులూ వేయలా" అంటున్నాడు. "స్కూలు గోడ పని నాకిప్పిస్తానని చెప్పి ఇంకోడికి ఇప్పించాడు. నొక్కేశాం ఒక్క నొక్కు."

"మరి ఆయనెళ్ళి పేట మీద పడ్డాడేంట్రా?"

"పడనీ. పేట ఏం చేసుద్ది?"

చేతిలో ఉన్న కాయ అక్కడే పెట్టి లేచాను. తలగుడ్డ కూడా విప్పకుండా ఆయన ఇంటికి వెళ్ళాను. అప్పటికి ఆయన పార్టీ ఓడిపోయింది. గుమ్మం ముందు కార్లు లేవు. అరుగు మీద వాచిన కాళ్ళు చాపుకుని కూర్చుని ఉన్నాడు. కండువా మాత్రం మడత నలగలేదు.

"బాబుగారూ, ఆ ఏడు మీకు వేయంది మేం కాదండి. మీ బావమరిది సందులు. ఇప్పుడే ఆయన నోటితోనే విన్నాను."

ఆయన అదిరిపడతాడనుకున్నాను. అయ్యో అంటాడనుకున్నాను. అదీ లేకపోతే తిడతాడనుకున్నాను.

"నాకు లెక్కపెట్టిన సాయంత్రమే తెలుసు దీనమ్మా" అన్నాడు.

"తెలిసీ మా గట్టు ఎందుకు ఆపారండి?"

"వాళ్ళ గట్లు వాళ్ళవే. వాళ్ళనెక్కడికి పొమ్మంటాను? పొమ్మంటే వాళ్ళకేమవుద్ది?" పిల్లలకు అర్థమయ్యేట్టు చెబుతున్నట్టు నెమ్మదిగా చెప్పాడు. "ఎదురు వేస్తే దెబ్బ తగులుద్దని ఊరికి తెలియాలి. తగిలితే నొప్పి తెలిసేవాడికి తగలాలి. మీ మీద నాకు కోపమేం లేదమ్మా. మీరు మాట మీద నిలబడ్డ మనుషులని నాకు తెలుసు."

లోపలికి తిరిగి, "ఎండన పడి వచ్చింది, మజ్జిగ ఇవ్వండి" అని కేకేశాడు. ఆయన భార్య అరుగు చివర గ్లాసు పెట్టింది. చిక్కటి మజ్జిగ, ఇంటి గేదెది. నాకు దాహంగా ఉంది. తాగాను. తాగి గ్లాసు కడిగి బోర్లించి వచ్చాను. ఆ మనిషిని నేను మళ్ళీ చూడలేదు, ఫ్లెక్సీ మీద తప్ప.

తెలియక చేశాడనుకున్నన్నాళ్ళూ నా కోపానికి ఒక దిక్కు ఉండేది. పొరపాటు పడ్డాడు, ఏదో ఒకరోజు తెలుసుకుంటాడు అనుకునేదాన్ని. తెలిసి చేసినవాడికి ఇంకేం తెలియజేస్తాం?

ఈమధ్య మా పేటలోనే సంతాప సభ పెట్టారు, తాళం వేసిన పాల గది ముందు. గదికి సున్నం వేసి లోపల ఆయన ఫొటో తగిలించారు. ఇప్పుడు ఊళ్ళో పెద్దమనిషి బావమరిది. గెలిచిన వైపుకి మారాడు, కార్లు ఆగేది అతని గుమ్మం ముందు. పంచాయతీ ఎన్నికలు దగ్గర పడుతున్నాయి. మైకు పట్టుకుని, బావగారి పేరు మీద పాల కేంద్రం మళ్ళీ తెరుస్తాం, పేటలో ఆడవాళ్ళకు గేదెలు ఇప్పిస్తాం అన్నాడు. "మొదటి చెంబు మన దీనమ్మ పోస్తది. బావగారు ఇంటికి పిలిచి మజ్జిగ ఇచ్చిన మనిషి. రెండు మాటలు మాట్లాడతది."

గేదె వస్తే నాకు మిరపతోట తప్పుతుంది. మోకాళ్ళు వంగడం లేదు, చేతివేళ్ళు మంటతో నిద్ర పట్టనివ్వవు. అది నాకు తెలుసు. మైకు తీసుకునేటప్పుడు కూడా అదే తలుచుకున్నాను.

"నాకు మాట్లాడటం రాదు" అన్నాను. "బాబుగారు మజ్జిగ ఇచ్చింది నిజమే. ఇచ్చినప్పుడు ఒక మాట చెప్పారు. ఆ ఏడు పేట ఓటు ఆయనకే పడిందని తెలుసంట. వేయనిది ఎవరో కూడా తెలుసంట."

ముందు కుర్చీలో బావమరిది ఫోను తీసి చూసుకోవడం మొదలుపెట్టాడు. యోహాను తాత కర్ర మీద గడ్డం ఆనించి కళ్ళు మూసుకున్నాడు. సభ చివర, మందికి దూరంగా గోడకు ఆనుకుని నిలబడ్డ రూతమ్మ గొంతు వినిపించింది.

"మైకు దగ్గరగా పెట్టుకుని మళ్ళీ చెప్పు దీనమ్మా. ఈ వెనక్కి వినపడలా."

మళ్ళీ చెప్పాను. ఈసారి బైబిలు మీద ఒట్లు వేయించింది కూడా చెప్పాను. చాప మీద నుంచి జరిగిపోయినవాళ్ళు తలలు వంచుకున్నారు.

బావమరిది లేచాడు. "పోయినోళ్ళ సంగతులు ఇప్పుడెందుకమ్మా. గేదె కావాలా, వద్దా, అది చెప్పు."

"గేదె తర్వాతండి. గట్టు మాటేంటి?"

"ముందు ఎన్నికలు కానియ్యి. ఎవరు మనవైపు ఉన్నారో తేలాక గట్లు చూద్దాం."

"గేదెకి ఆ వరస తెలియదండి" అన్నాను. "దానికి ముందు గడ్డి, తర్వాత పాలు. ఓటు సంగతి ఆ తర్వాత ఉంటే ఉంటది."

వెనక ఎవరో నవ్వారు. తర్వాత చాలామంది నవ్వారు, పెద్దవీధి రైతులు కూడా ఇద్దరు ముగ్గురు. బావమరిది నవ్వలేదు. మైకు కట్టేయమన్నాడు. టీలు కూడా ఇవ్వకుండా సభ ముగిసింది. పోతూ పోతూ రూతమ్మ నా పక్కకొచ్చి నా ఇంటిదాకా నడిచింది.

గట్టు సంగతి తేల్చకుండా వాళ్ళు తెచ్చిన గేదె కాగితాల మీద నేను సంతకం పెట్టలేదు. పేటలో ఇంకెవరూ పెట్టలేదు. ఆ వారమే పెద్దవీధివాళ్ళు గట్లన్నిటికీ గడ్డిమందు కొట్టించారు. మేం అడగకుండానే ఎక్కడ కోసుకుంటామోనని. మోకాలెత్తు పచ్చగా ఉన్న గడ్డి ముందు పసుపుపచ్చగా తిరిగింది, ఆ తర్వాత తుప్పు రంగుకు వచ్చింది. ఆటోలో పోతూ రోజూ చూస్తున్నాను. ఆయన బతికి ఉంటే ఆ గట్టు మీదే నిలబడి, వచ్చేపోయేవాళ్ళకు మా పేటను చూపించి, ఎదురు తిరిగిన చోట గేదె కూడా నిలవదు చూశారా అనేవాడు. వినేవాళ్ళు తలూపేవాళ్ళు. ఆయన కాళ్ళ కింద గడ్డి ఎందుకు ఎండిందని ఒక్కరూ అడిగేవాళ్ళు కాదు.